రేపు పొద్దున రా తల్లీ

"మెషిన్ ఆగిపోయింది తల్లీ," అన్నాడు జిరాక్స్ బాబాయ్.

స్కూలు గేటుకి ఎదురుగా ఉన్న ఆ ఇరుకు కొట్టు ముందు నలుగురు పదో తరగతి అమ్మాయిలు నిలబడ్డారు. మధ్యాహ్నం బెల్లు కొట్టి పది నిమిషాలైంది.

అందరికన్నా ముందున్న పిల్లని ఇంట్లో మిరపకాయ అంటారు. ఎందుకంటారో ఆ పూట కోపంతో ఎర్రబడ్డ ఆమె ముక్కు చూస్తే ఎవరికైనా తెలిసిపోతుంది.

"మొన్నా ఇదే మాట చెప్పారు బాబాయ్!"

"ముసలి మెషిన్ కదమ్మా, నాలాగే. కాగితం నా దగ్గరే ఉంచి వెళ్ళు. రేపు పొద్దున రా, తీసిస్తా."

"రేపెందుకు? ఇప్పుడే కావాలి. నలభై కాపీలు."

"ఏంటే, అప్పుడే చల్లబడ్డావా?" అని వెనక నుంచి ఒకతి గిల్లింది.

"నేనైతేనా, ఈపాటికి పంచేసేదాన్ని," అంది ఇంకొకతి.

"వీధి చివర కొత్త షాపుందిగా. రెండు నిమిషాల పని," అంది మూడో పిల్ల.

మిరపకాయ బాబాయ్ చేతిలోంచి కాగితం లాక్కుంది.

"ఈయన మెషిన్‌కి రోజుకో రోగం. ఇక ఇటు రావడమే దండగ. క్లాసులో అందరికీ చెప్పెయ్యండే!"

బాబాయ్ మెట్టు దిగి రెండడుగులు వెంట వచ్చాడు.

"సాయంత్రానికి బాగుచేయిస్తా, కాస్త ఆగమ్మా!"

ఎవరూ వెనక్కి తిరగలేదు.

ఆ కాగితం బుల్లి గురించి. ఒకటో తరగతి నుంచి మిరపకాయ పక్కనే కూర్చున్న బుల్లి, ఆ సోమవారం బెంచీ మార్చింది. జరిగింది అంతే. పెద్దవాళ్ళకి అది ఆవగింజంత సంగతి. పదిహేనేళ్ళ పిల్లకి మాత్రం కొంప మునిగినట్టే.

బుల్లి వాళ్ళ నాన్న ఎక్కడో దూరాన ఉద్యోగం చేస్తున్నాడని క్లాసంతా అనుకుంటోంది. ఆయన ఇల్లొదిలి వెళ్ళిపోయి రెండేళ్ళయింది. బుల్లి ఏడుస్తూ మిరపకాయ ఒక్కదానికే చెప్పుకున్న ఆ మాటే ఇప్పుడు కాగితం మీద ఉంది.

కొత్త షాపాయన కాగితం వంక చూడనైనా చూడలేదు. నలభై కాపీలూ వేడివేడిగా బయటికొచ్చాయి.

క్లాసు మొదలయ్యే లోపు బెంచీకొకటి పెట్టేశారు.

బుల్లి చదివింది. ఏడవలేదు. పుస్తకాలు ఒక్కొక్కటే సంచిలో సర్దుకుంది.

"నీకొక్కదానికే చెప్పానే," అంది, మిరపకాయ పక్కనుంచి వెళ్తూ.

మర్నాడు బుల్లి స్కూలుకి రాలేదు. ఆ మర్నాడూ రాలేదు.

మిరపకాయ కోపం కాగితాలు పంచిన సాయంత్రానికే ఎటు పోయిందో పోయింది. సిగ్గు మాత్రం పోలేదు. వారంలో మూడుసార్లు బుల్లి ఇంటికి వెళ్ళింది. ఎవరూ తలుపు తీయలేదు. నాలుగోసారి వెళ్ళేసరికి తాళం వేలాడుతోంది. ఇల్లు ఖాళీ చేసి వెళ్ళిపోయారని పక్కింటావిడ చెప్పింది.

హెడ్‌మిస్ట్రెస్ మిరపకాయ వాళ్ళ అమ్మని పిలిపించింది.

"ఇది ఇలాంటి పిల్ల కాదండీ," అంది అమ్మ, కళ్ళు తుడుచుకుంటూ.

"తెలుసమ్మా. ఈ వయసులో కోపం, స్నేహితుల ముందు తగ్గకూడదన్న పంతం ముందే పెరిగిపోతాయి. మెదడులో 'ఆగు' అని చెప్పే భాగం అన్నిటికన్నా ఆఖరున ఎదుగుతుంది. అలాగని తప్పు ఒప్పైపోదు. కానీ అందాకా ఆ మాట చుట్టూ ఉన్నవాళ్ళే చెప్పాలి."

ఆవిడ మిరపకాయ వైపు తిరిగింది.

"ఆ రోజు నిన్ను ఎవరూ ఆగమనలేదా?"

"లేదు మేడమ్," అనబోయి మిరపకాయ ఆగిపోయింది.

బెల్లు కొట్టగానే గేటు దాటి పరుగెత్తింది.

జిరాక్స్ కొట్టు సగం ఖాళీగా ఉంది. చొక్కా నిండా నల్లటి పొడి అంటిన మెకానిక్ ఒకాయన మెషిన్‌కి తాళ్ళు కడుతున్నాడు.

"బాబాయ్ ఏరండీ?"

"కొట్టు ఎత్తేశారమ్మా. పిల్లలంతా కొత్త షాపు పట్టారు. ఈగలు తోలుకుంటూ ఎన్నాళ్ళు కూర్చుంటారు? నిన్న పొద్దున్నే వెళ్ళిపోయారు. మెషిన్ నేనే కొనుక్కున్నా."

మెకానిక్ ఒక కాగితాల కట్ట తెచ్చి మిరపకాయ ముందు పెట్టాడు.

"నువ్వు ఈ స్కూలేగా? ఈ కట్టలో నీదేమైనా ఉంటే తీసుకో. రేపు వస్తామని కాగితం పెట్టి, మళ్ళీ రానివాళ్ళవట. అడిగిన పిల్లలకి ఇచ్చి, మిగతావి చింపెయ్యమన్నారు."

మిరపకాయ కట్ట విప్పింది. తిట్లు. బెదిరింపులు. ఎవరి మీదో కట్టిన పాట. అడుగున తన చేతిరాత.

పోయినేడాది మార్కులు తగ్గిన రోజు రాసింది. లెక్కల మాస్టారు తన మీద చెయ్యి చేసుకున్నారని, తల్లిదండ్రులందరికీ పంచడానికి. మాస్టారు ఏనాడూ కొట్టలేదు. మెషిన్ ఆగిపోయింది, రేపు రా అని బాబాయ్ అంటే ఇక్కడే పెట్టి వెళ్ళింది. తెల్లారేసరికి ఆ కాగితం సంగతే ఆమె మర్చిపోయింది. మాస్టారు ఇప్పటికీ అదే క్లాసులో లెక్కలు చెబుతున్నారు.

ఆ కాగితాన్ని మడిచి గుప్పిట్లో పెట్టుకుంది.

"ఈ మెషిన్... మాటిమాటికీ ఎందుకు ఆగిపోయేదండీ?" అని అడిగింది.

"ఆగిపోవడమా?" అని నవ్వాడు మెకానిక్. "పదకొండేళ్ళుగా దీన్ని చూసేది నేనే తల్లీ. ఒక్క పూటైనా ఆగి ఎరగదు."