చీమలు వచ్చిన పూట

"అక్కా, ఆ బూడిద చాల్లే. వాటిని నా ఇంటివైపు రానీ," అంది కబహెండ.

అడవి అంచున అరటితోటలోంచి వేటచీమల దండు నల్లటి తాడులా పాకి వస్తోంది. ఆమె సవతి న్యాంగోమ తన వాకిలి చుట్టూ బూడిద పోస్తూ తలెత్తలేదు.

"నా కోడి పొదుగుతోంది. ఇవి దానిమీద పడ్డాయంటే ఎముకలే మిగుల్తాయి. నీకు అంత ముద్దయితే నువ్వే పిలుచుకో."

కబహెండ ఇంటినిండా నల్లులు. రాత్రయితే పాప ఒకటే ఏడుపు. మొగుడు ఆమె వంతు రోజున కూడా గుమ్మం దాకా వచ్చి, ఆవలించి, పెద్దామె ఇంటికి మళ్లుతున్నాడు. వేటచీమలు ఒక్కసారి ఇల్లు తిరిగితే ఎలుకా మిగలదు, నల్లీ మిగలదు.

దండు బూడిద దగ్గర తడబడి, మళ్లీ తోటవైపు తిరగబోయింది. కబహెండకు కాలు నిలవలేదు. పొద్దున కోసిన కోడి పేగులు తెచ్చి, తన గుమ్మం దాకా వరసగా పడేసింది.

"రండమ్మా, ఇటు రండి."

"ఆడబిడ్డల్ని కూడా ఇంత మర్యాదగా పిలవలేదే నువ్వు," అని న్యాంగోమ కోడిగంప చూసుకోవడానికి లోపలికి పోయింది.

చీమలు తిరిగాయి. కబహెండ పాపను చంకనేసుకుని ఇంట్లోకీ బయటికీ పరుగులు పెట్టింది. పుట్టింటి చాప, దుప్పట్లు, గడ్డి దిండ్లు అన్నీ అరటిచెట్ల కిందికి చేర్చింది. చివరి దిండుతో బయటపడేసరికి గోడలు నల్లగా కదులుతున్నాయి. పాదాలకు కరుచుకున్న చీమల్ని పీకేసుకుని, చాప పరిచి కూలబడింది. లోపలినుంచి చరచరమని చప్పుడు. ఒక ఎలుక గడ్డికప్పు మీంచి కిందికి దూకింది.

న్యాంగోమ తీరిగ్గా వచ్చింది.

"చూశావా అక్కా. ఈ రాత్రి ఆయన ఎక్కడ పడుకుంటాడో చూద్దువుగాని."

న్యాంగోమ చాప అంచున కూర్చోబోయి ఆగిపోయింది. దిండ్లవైపు, దుప్పట్లవైపు చూసింది.

"ఇవన్నీ బయటికి ఎందుకు మోసుకొచ్చావే?"

"చీమలు కొరికేస్తే?"

"చీమలు గుడ్డలు తింటాయటే పిచ్చిదానా? మరి నీ నల్లులుండేది ఎక్కడ?"

జవాబు చెప్పబోతున్న కబహెండ తొడమీద చురుక్కుమంది.