ఇవ్వకూడని ఉత్తరం

“ఇల్లు చూస్తున్నారా, అల్మారాలు చూస్తున్నారా మిస్ ఒడెస్సా?” అన్నాడు లామాంట్ వంటింటి గుమ్మంలో నిలబడి.

“ఇల్లంటే వంటిల్లే నాయనా.” డెబ్బై ఆరేళ్ల మనిషి, మునివేళ్ల మీద లేచి పై అరలోంచి మిరపకాయలు నానేసిన వెనిగర్ సీసా దించింది. “ఈ ఇంటావిడ మనవాళ్లలాగే ఆకుకూర మీద ఇది చల్లుకు తింటుందన్నమాట, ఇంకా.”

“వాళ్ల సామాన్లు ముట్టుకోకూడదమ్మా.”

క్లీవ్‌లాండ్‌లో ఇళ్లు చూపించి కొనిపెట్టడం లామాంట్ వృత్తి. పన్నెండేళ్లలో ఒకే ఇంటికి మూడుసార్లు వచ్చినవాళ్లు అతనికి తగల్లేదు.

“ఇంటావిడ ఇవాళా లేదే?”

“కొనేవాళ్లు వచ్చే వేళకి ఇంటివాళ్లు బయటికెళ్లిపోతారు. ఎప్పుడొచ్చినా అంతే.”

“ఆ మాట మొదటిరోజే చెప్పొద్దూ?” ఆమె ముఖం చిన్నబోయింది. సీసా మళ్లీ అరలో పెడుతూ అడిగింది. “ఈ వీధిలో నల్లవాళ్లు ఉంటారా?”

“అది నేను చెప్పకూడదు. ఫలానా వాళ్లుంటారని చెప్పి మనిషిని ఒక పేట వైపు తోయకూడదు. చట్టం.” ఈ మాట చెప్పేటప్పుడు లామాంట్ గొంతు ఎప్పుడూ కాస్త పెరుగుతుంది. “మా తాతకి ఈ వీధిలో ఇల్లు అమ్మం పొమ్మన్నారు, రంగు చూసి. ఆ చట్టమే లేకపోతే ఈ వంటింట్లో మనిద్దరం నిలబడేవాళ్లమా?”

“రంగు సంగతి నాకు చెబుతున్నావా? ఒకే కడుపున ఇద్దరం రెండు రంగుల్లో పుట్టాం. బొగ్గు నా వంతు.” తనే నవ్వింది, తనే ఆపేసింది.

పడగ్గదిలో మంచం పక్కన ఇంటావిడ ఫొటో ఉంది. ఇసుక రంగు జుట్టు, ముత్యాల దండ, పక్కన తెల్ల భర్త. ఒడెస్సా దాని మీది దుమ్ము కోటు చేతితో తుడిచింది.

బయటికొచ్చాక ఆమె సంచిలోంచి కవరు తీసింది. “ఇది ఆవిడకి అందాలి.”

“వద్దమ్మా. కొనేవాళ్ల ఉత్తరాలు మేం అందించం. మీరెవరో, ఏ రంగో, ఏ చర్చికి వెళ్తారో ఉత్తరంలో తెలిసిపోతుంది. ఇల్లు ధర చూసి అమ్మాలి, మనిషిని చూసి కాదు.”

“ధర నువ్వే రాసుకో. ఉత్తరం మాత్రం ఇయ్యి. శనివారం ఆవిడ కొడుకొచ్చి ఆవిణ్ణి అరిజోనా తీసుకుపోతాడని నువ్వేగా చెప్పావు.”

“నా లైసెన్సు పోతుంది.”

“నా ప్రాణం పోతుంది అబ్బాయ్.”

ఇల్లు దక్కదని బెంగ అనుకున్నాడు. ఆమె కవరు చాచిన చెయ్యి దించకపోతే, “సరే, నా దగ్గర ఉంచండి,” అని కవరు కోటు జేబులో పెట్టుకున్నాడు. ఇవ్వాలని కాదు.

ఇల్లు వేరేవాళ్లకి పోయింది. ఆదివారం చర్చి వదిలే వేళకి ఒడెస్సాకి ఫోన్ చేశాడు. ఏడుస్తుందనుకున్నాడు. ఇంటి ఊసే ఎత్తలేదు.

“ఆవిడ వెళ్లిపోయిందా?”

“నిన్న పొద్దున్నే.”

“నా ఉత్తరం?”

“ఇవ్వలేదమ్మా. ఇవ్వకూడదు.”

అవతల చర్చి మెట్ల మీద ఎవరో నవ్వుకుంటూ పోతున్న చప్పుడు.

“అక్కడి అడ్రసు?”

“వాళ్లు మాకివ్వరు.”

“మంచిది నాయనా. నీ పని నువ్వు చేశావు,” అంది. ఫోన్ పెట్టేయడానికి ఆమెకి చాలాసేపు పట్టింది.

లామాంట్ కారులోనే కూర్చుండిపోయాడు. ఇక చదివినా ఎవరికీ నష్టం లేదు కదా అనుకుని కవరు చింపాడు. లోపల ఒక్క వాక్యమే ఉంది.

“చెల్లీ, తెల్లదానిగా బతకడానికి వెళ్లిపోతూ వీధిలో కనిపిస్తే పలకరించొద్దన్నావు గాని, ఇంటికి రావద్దనలేదుగా.”