అడుగు బరువు

పడవని చూడటానికి ముగ్గురు వచ్చారు. కొనగలిగిన వాళ్లు ఇద్దరే. దర్జీ మూడోవాడు.

చిన్న తెరచాప పడవ. పాతది, చెక్కది. లోపల ఇద్దరు కాళ్లు ముడుచుకుని పడుకునేంత గది. రంగు పొలుసులుగా లేచిపోయి, జెట్టీకి కట్టేసిన చోట ముసలి బాతులా ఊగుతోంది.

ఇలాంటి పడవ కొనుక్కోవాలని దర్జీకి పెళ్లికి ముందు నుంచీ కోరిక. కొత్తదైతే దుకాణం అమ్మినా రాదు. దీనికున్న చిరిగిన తెరచాప తనే కుట్టుకోగలడు. రంగు భార్యతో కలిసి వేసుకోగలడు. రెండో కుట్టుమిషన్ కోసం దాచిన డబ్బు జేబులో ఉంది. అంతకు మించి పైసా లేదు. ఇది చేజారితే ఈ ధరలో ఇంకొకటి దొరకదు.

"నాకు పడవ అక్కర్లేదు," అన్నాడు పాత ఇనుము వ్యాపారి బ్రోకరుతో. "బోల్తా పడకుండా అడుగున బరువు బిగిస్తారే, అది సీసమైతే చాలు. కోసి పట్టుకుపోతా. మిగతాది మీరే తగలెయ్యండి."

"అది నీళ్లలో ఉంది. సీసమో ఇనుమో నాకేం తెలుసు?" అన్నాడు బ్రోకరు. "అమ్మేవాడు ఊళ్లో ఉండడు. ఎక్కువిచ్చినవాడికి ఇచ్చెయ్యమన్నాడు."

"ఇనుమే."

అందరూ వెనక్కి తిరిగారు. మాసిన టోపీ పెట్టుకున్న ముసలాయన ఒకడు జెట్టీ అంచున కాళ్లు వేలాడేసి కూర్చున్నాడు.

"నువ్వెవరు తాతా?"

"రోజూ ఇక్కడ కూర్చునేవాణ్ణి. అది తుప్పు పట్టిన ఇనుము. నమ్మకపోతే క్రేన్ తెప్పించి లేపి చూసుకో."

క్రేన్ అద్దె తలుచుకుని వ్యాపారి స్కూటరెక్కాడు.

"నాకు అడుగుతో పనిలేదు," అన్నాడు రెండో ఆయన, హోటల్ యజమాని. "మా గుమ్మం ముందు నిలబెట్టి, నిండా పూలమొక్కలు పెడదామని."

"భేషుగ్గా పెట్టండి బాబూ. కర్ర పుచ్చిపోయింది. తొలి వానకే నడుం విరిగి మీ కస్టమర్ల మీద కూలుతుంది. మొక్కలకేం ఫరవాలేదు లెండి, బతుకుతాయి."

హోటలాయన కారు కూడా వెనక్కి తిరిగింది.

దర్జీకి ఒళ్లు మండింది. ఇప్పుడు బేరం విరగ్గొట్టి, రేపు చవగ్గా కొట్టేసే ఎత్తన్నమాట!

"ఏం పెద్దాయనా, ఎవరి మనిషివి? ఎంతిస్తున్నారేంటి?"

"నీకూ అదే చెబుతున్నా తమ్ముడూ. పొయ్యిలోకి కూడా పనికిరాదు. మానుకో."

"పుచ్చిన చోట కొత్త చెక్క వేస్తా. మధ్యలో నీకేంటి నొప్పి?"

"వేసి? లాభానికి అమ్ముకుంటావా?"

"అమ్ముకునేదుంటే గుండీలమ్ముకుంటా. నేనూ మా ఆవిడా సముద్రం మీదకి పోతాం."

"మునిగితే?"

"ఈతొచ్చు."

ముసలాయన అతన్ని ఎగాదిగా చూశాడు. "అయితే నీ ఖర్మ," అని లేచి వెళ్లిపోయాడు.

పోటీ లేని బేరానికి పొగరుండదు. దర్జీ జేబులో ఉన్నదానికే బ్రోకరు తాళం చేతిలో పెట్టాడు.

"ఆ ముసలాయన పుణ్యమేనండీ," అంది భార్య, ఇంటికొచ్చి జరిగింది చెబితే.

"పుణ్యమా! మనల్నీ తరిమేసేవాడే. నేను కాబట్టి లొంగలేదు."

ఆదివారం దర్జీ పడవలో భార్య పక్కన కూర్చుని తెరచాపకి అతుకు వేస్తున్నాడు. ముసలాయన వచ్చి జెట్టీ మీద నిలబడ్డాడు.

"ఒక్కసారి ఎక్కొచ్చా తమ్ముడూ?"

దర్జీ ఈ మాట కోసమే కాచుక్కూర్చున్నట్టు తలెత్తాడు.

"అయ్యో, పొయ్యిలోకి కూడా పనికిరానిది కదా పెద్దాయనా! తమరు కాలు పెట్టగానే మునిగితే ఆ పాపం మాకెందుకు?"

ముసలాయన నవ్వాడు. "నిజమే. అన్నాను కదా." వంగి, జెట్టీకి కట్టిన తాడు ముడి చేత్తో తడిమి చూసి, మెల్లగా నడుచుకుంటూ పోయాడు.

"పాపం, ఎక్కనివ్వాల్సింది," అంది భార్య.

"వచ్చే వారం ఎక్కిస్తాలే. ఈలోగా కాస్త ఉడకనీ."

తర్వాతి వారం ఆయన రాలేదు. ఆ పై వారమూ రాలేదు.

ఎండలు ముదిరాక, అడుగున పట్టిన గుల్లలు గీకడానికి పడవని క్రేన్‌తో ఒడ్డుకెక్కించారు. దర్జీ అడుగు బరువు మీద రంగు గీకాడు. తుప్పు లేదు. గీరిన చోట మెత్తగా గాటు పడి, తెల్లగా మెరిసింది.

"సీసమే! ముసలాడికి ఏమీ తెలీదన్నమాట. ఆ ఇనుమాయనకి తెలిసుంటే మనకి పడవే మిగిలేది కాదు."

భార్య చిన్న సుత్తితో ఒక్కో చెక్కా తట్టుకుంటూ చుట్టూ తిరిగి వచ్చింది.

"పుచ్చు కూడా లేదండీ. ఎక్కడా లేదు."

ఇద్దరూ మొహాలు చూసుకున్నారు.

మర్నాడు పడవ అమ్మినతను బ్రోకరు దగ్గర ఆరా తీసి వెతుక్కుంటూ వచ్చాడు. చంకలో మడతపెట్టిన తెరచాప ఉంది. "ఇల్లు ఖాళీ చేస్తుంటే అటక మీద కనబడింది. కొత్తదే, వాడలేదు. మీకైతే పనికొస్తుందని."

దర్జీ మొహమాటపడ్డాడు. "మీకసలే నష్టం సార్. ఇనుమనీ, పుచ్చనీ చెప్పి ఒక ముసలాయన అందర్నీ తరిమేశాడు. ఆయన నోరు మూసుకునుంటే మీకు రెండింతలొచ్చేది. ఎవరో ఏంటో!"

అతను తెరచాపని దర్జీ చేతిలో పెట్టి, పడవ వైపు తిరిగాడు.

"నాతో మాత్రం అమ్మొద్దని ఒక్క మాట అనలేదు," అన్నాడు. "చూపు మందగించింది, ఒక్కడే సముద్రం మీదకి పోతాడేమోనని భయపడి నేనే అమ్మకానికి పెట్టాను. పోయిన నెలే కాలం చేశాడు."

"ఎవరు సార్?"

"మా నాన్నండీ, ఈ పడవని ఒక్కో చెక్కా చిత్రిక పట్టి కట్టుకున్నది ఆయనే."