అడిగిన ఒక్క పాస్

"ఓ అంకుల్! నువ్వు గూడ ట్రయల్స్‌కే వచ్చినవా?"

ఆనంద్ బాబు మాటకి చుట్టూ ఉన్న కాలేజీ కుర్రాళ్లు ఘొల్లున నవ్వారు.

మోకాలికి పట్టీ చుట్టుకుంటున్న మనిషి తలెత్తి చూశాడు. ముప్పై ఎప్పుడో దాటేసి ఉంటాడు. చెవుల దగ్గర జుట్టు నెరిసింది.

"అవును తమ్మీ. మీలెక్కనే."

"జర పైలం మరి. నువ్వు పడితే మోసే ఓపిక మాకు లేదు."

ఆయన కూడా నవ్వేశాడు. కోప్పడినా బాగుండేది, ఆనంద్ బాబు నోరు అక్కడితో మూతపడేది.

పాపం, వాడిని మాత్రం ఏమంటాం! లోపల భయం ఎక్కువైతే వాడికి నోరు లేస్తుంది. వాళ్లమ్మ బీరమ్మ కనకమామిడిలో పట్నపోళ్ల ఫామ్‌హౌసుల్లో మొక్కలకు నీళ్లు పడుతూ వాడిని డిగ్రీ దాకా లాక్కొచ్చింది. "ఈ ఒక్కసారే బిడ్డా. ఈడ కాకుంటె ఆట బంద్, నౌకరి చూసుకో" అని పొద్దున్నే తెగేసి చెప్పింది. చెప్పి, మళ్లీ వాడి తలమీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసింది.

చూస్తే అదేమంత గొప్ప టీమ్ కూడా కాదు. మూసీ రేంజర్స్ అని పట్నం ఫుట్‌బాల్ టీమ్. నిరుడు లీగ్‌లో అట్టడుగున తేలింది. వాళ్ల మ్యాచ్ చూశానని చెప్పినవాడు చేవెళ్లలో ఒక్కడూ కనపడడు. అయితేనేం, జీతమిచ్చి ఆడించే టీమ్! అందుకే ఆ రోజు మొయినాబాద్‌లోని ఆ కాలేజీ గ్రౌండు నిండిపోయింది.

కోచ్ సమత మేడం అందరినీ వరసలో నిలబెట్టింది.

"స్ట్రైకర్ జాగ ఒక్కటే ఉన్నది. ఎవరి పేరు అడగ, ఏ కాలేజీ అని అడగ. ఆట చూస్త, అంతే."

ఆనంద్ బాబుదీ పట్టీ అంకుల్‌దీ ఒకే జట్టు. ఇద్దరూ ముందువరసే.

ట్రయల్స్ ఆట ఎలా ఉంటుందో ఆడినవాళ్లకి తెలుసు. పేరుకే జట్టు, ఎవడి ఆట వాడిది. బంతి దొరికినవాడు చచ్చినా వదలడు. పాస్ ఇస్తే అవతలివాడికి పేరొస్తుంది కదా! ఒకడైతే సొంత జట్టువాడి కాళ్ల దగ్గరి నుంచే బంతి గుంజుకుపోయాడు.

ఈ అంకుల్ ఒక్కడే పిచ్చివాడిలా పాస్‌లు ఇస్తున్నాడు.

మొదటిసారి గోల్ ముందు ఆయనకే దారి దొరికింది. కొట్టొచ్చు. కొట్టలేదు. పక్కనుంచి దూసుకొస్తున్న ఆనంద్ బాబు ముందుకి మెల్లగా తోశాడు.

గోల్!

"షాబాష్ తమ్మీ!"

రెండోసారి ఇద్దరు డిఫెండర్లను తన మీదికి లాక్కున్నాడు. కుంటుతూనే వాళ్ల మధ్యనుంచి బంతిని బయటికి పంపాడు. అక్కడా ఆనంద్ బాబే.

మళ్లీ గోల్!

"నీ స్పీడుకు ఎవ్వడు ఆగడు తమ్మీ. ఉరికే ముందు ఒక్కసారి తలెత్తి చూడు, సాలు."

"సరే తియ్యి" అన్నాడు ఆనంద్ బాబు, మొహమైనా చూడకుండా. పెద్దాయనకి కొట్టడం చేతగాక తనకిస్తున్నాడనుకున్నాడు మరి.

ఆట అయిపోవస్తుండగా బంతి ఆనంద్ బాబుకి దొరికింది. గోల్‌కీపర్‌తో సహా అందరూ వాడి మీదికే వచ్చారు. ఎడమవైపు, గోల్ ముందు, ఆ మనిషి ఒంటరిగా ఉన్నాడు.

"తమ్మీ, నాకు!"

ఆట మొత్తంలో ఆయన బంతి అడిగింది అదొక్కసారే.

ఆనంద్ బాబుకి వినపడింది. కనపడింది కూడా. కానీ మూడోది కూడా తనదే అయితే ఇక తిరుగుండదనిపించింది. తనే బలంగా తన్నాడు. బంతి పోస్టు మీదుగా పోయి గోడ అవతల పడింది.

విజిల్ మోగింది.

"ఏం గాదు తీ" అని ఆయన వాడి భుజం తట్టి, గేటు వైపు నడిచాడు.

కాసేపటికి సమత మేడం వచ్చి వాడికి చెయ్యి కలిపింది.

"నువ్వే."

వాడు అక్కడే కూలబడి ఏడ్చేశాడు. అమ్మకి ఫోన్ చేశాడు. అవతల బీరమ్మ "స్తోత్రం ప్రభువా" అన్నది.

ఫోన్ పెట్టేశాక వాడికి సిగ్గేసింది. ఆ రెండు గోల్సూ ఎవరి చలవో వాడికి తెలియదా!

"మేడం, ఆ పట్టీ కట్టుకున్న అన్న ఏడి?"

పొద్దుటి అంకుల్ ఇప్పుడు అన్న అయ్యాడు.

"ఇప్పుడే పోయిండు. శంకర్‌పల్లి బస్సుకు."

ఆనంద్ బాబు గేటు దాటి రోడ్డు దాకా పరిగెత్తాడు. బస్సు అప్పటికే మలుపు తిరిగింది. రొప్పుతూ వెనక్కి వచ్చాడు.

"ఆయనకు గూడ జాగ కావాలె గద మేడం? నాకెందుకిచ్చిండు గన్ని పాసులు?"

"నేను గూడ గదే అడిగిన" అన్నది సమత మేడం. "'పిలగాడు మంచిగ ఆడుతున్నడు మేడం, మన టీమ్ ఈసారన్న గెలవాలె గద' అన్నడు."

"మన టీమా?"

మేడం బస్సు వెళ్లిన దారి వైపు చూసింది.

"పరమేష్ మా కెప్టెన్, బాబూ. నీకు వచ్చింది ఆయన జాగనే. మోకాలు పోయింది తీసేస్తమని ఓనర్లు అంటె నేను కొట్లాడిన, ఈ ట్రయల్స్‌ల ఒక్కటంటె ఒక్క గోల్ కొడితె ఉంచుకుంటమన్నరు."