పదిహేడో నంబరు కాగితం

అవినాష్ నవ్వితే చాలు, నరసింహమూర్తికి ఒళ్లు మండిపోయేది.

ఇద్దరూ ఈ సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఒకే రోజు చేరారు. ఇద్దరూ అయిదు నెలలుగా బెంచీ మీదే ఉన్నారు. బెంచీ అంటే నిజం బెంచీ కాదు. హైటెక్ సిటీలో చల్లటి హాలు, తిరిగే కుర్చీ, వేళకి టీ అన్నీ ఉంటాయి, చేతిలో పని ఒక్కటే ఉండదు. ఏ క్లయింటైనా ఎంచుకుంటే పని దొరుకుతుంది. ఈ మార్చి ముప్ఫై ఒకటిలోగా ఎవరూ ఎంచుకోకపోతే ఇంటికే. అవినాష్‌కి ముప్ఫై అయిదేళ్లు, నోట్లో మాటలకి కొదవ లేదు, ఇంకోచోట దూరిపోతాడు. మూర్తికి నలభై ఆరు. బాలానగర్ ఫ్యాక్టరీలో పద్దెనిమిదేళ్ల ఉద్యోగాన్ని, ఇంట్లో అందరూ వద్దన్నా వినకుండా, వదిలేసి వచ్చాడు.

ఓ అమెరికా ఇన్సూరెన్సు కంపెనీ రెండువేల సంవత్సరం గొడవ సరిచేయడానికి మనుషులు కావాలంది. పాత ప్రోగ్రాముల్లో సంవత్సరానికి రెండంకెలే ఉన్నాయి, రేపు సున్నా సున్నా వస్తే కంప్యూటర్లు దాన్ని పంతొమ్మిది వందలు అనుకుంటాయని ప్రపంచమంతా కంగారుపడుతున్న రోజులవి. బెంచీ మీదున్న అందరి రెజ్యూమేలూ తిరగరాయడానికి సంయుక్త అనే అమ్మాయిని పెట్టారు.

“ఏ పని చూశారో కాదండి, ఏం సాధించారో చెప్పండి,” అంది సంయుక్త.

“సాధించడానికేముందమ్మా. సిబ్బంది రికార్డుల ప్రోగ్రాములు చూసేవాణ్ణి. రిటైరయ్యేవాళ్ల తేదీలు తప్పు పడుతుంటే ఎప్పుడో సరిచేశాను. కొత్తగా చేరినవాళ్లు పక్కన కూచుని చూసేవాళ్లు. అంతే.”

పావుగంటలో పంపేసింది. మర్నాటి నుంచి రెండు రోజులు సీట్లోనే కనపడలేదు. అదే అవినాష్‌తో అయితే పూటకోసారి క్యాంటీన్లో కబుర్లు. వాడు చేతులు తిప్పుతూ చెబుతుంటే ఆ పిల్ల పడీపడీ నవ్వుతుంది. ఆ కబుర్లన్నీ తిన్నగా రెజ్యూమేలోకే పోతున్నాయని మూర్తి తీర్మానించేసుకున్నాడు. లింగంపల్లిలో బస్సు దిగేదాకా రోజూ అదే ఏడుపు.

శుక్రవారం మధ్యాహ్నం మేనేజరు కామేశ్వరరావు పిలిచాడు. టేబుల్ మీద ఆరు కాగితాలున్నాయి. వాటిమీద మనిషి పేరుండదు, పనిచేసిన సంస్థ పేరుండదు, పైన నంబరొక్కటే ఉంటుంది. పేర్లు కనిపిస్తే క్లయింటు కంపెనీని దాటేసి నేరుగా మనిషినే పట్టుకుపోతాడని భయం.

“ఏ నంబరు ఎవరిదో సంయుక్తకి తప్ప నాకూ తెలీదండి. తెలిస్తే మొహమాటం. అయిదే పంపమన్నారు. నాలుగు సరే. ఈ మూడో నంబరు, పదిహేడో నంబరు, వీటిలో ఒకటి తీసెయ్యాలి. పాత ప్రోగ్రాములు తెలిసినవారు మీరేగా, కాస్త చూసి చెప్పండి.”

మూర్తి ముందు మూడోది తీశాడు. ‘అప్పగించిన ప్రోగ్రాములు చూసుకున్నారు. సమస్యలు వచ్చినప్పుడు సరిచేశారు.’ రెండే ముక్కలు. ఇది తనదేనని చదవగానే తెలిసిపోయింది. తన బతుకులాగే చప్పగా ఉంది.

పదిహేడోది తీశాడు.

‘రెండువేల సంవత్సరం సమస్యను ఎనిమిదేళ్ల ముందే పసిగట్టి, ఎవరూ చెప్పకుండానే మొత్తం వ్యవస్థను ఒక్కరే సరిదిద్దారు. ఆ సంస్థ ఈ రోజు ఒక్క లైను కూడా మార్చుకోనవసరం లేదు. ముప్ఫై నలుగురిని తయారుచేశారు. వారిలో పదకొండు మంది నేడు పేరున్న కంపెనీల్లో ప్రాజెక్టు లీడర్లు.’

మళ్లీ చదివాడు. ఇలాంటి మనిషి నిజంగా ఉంటే వెళ్లి రెండు చేతులూ పట్టుకోవాలనిపించింది. అలా అనిపించినందుకు ఒళ్లు మండింది. పద్దెనిమిదేళ్లలో తనకి ఇందులో సగమైనా ఎందుకు చేతకాలేదు? క్యాంటీన్లో ఇకిలించే ఆ అవినాష్‌గాడికి ఇంత గొప్ప జీవితం ఎక్కణ్ణుంచి వచ్చింది?

“అబద్ధమండి,” అన్నాడు. “ఎనిమిదేళ్ల కిందట ఈ సమస్య పేరే ఎవరూ వినలేదు. ఎవరో కోతలు కోస్తే తెచ్చి కాగితం మీద పెట్టారు. క్లయింటు ఫోన్లో నాలుగు ప్రశ్నలడిగితే మన పరువు పోతుంది.”

“అంత కచ్చితంగా చెప్పగలరా?”

“పద్దెనిమిదేళ్లు ఈ పనిలోనే ఉన్నానండి. చేసినవాణ్ణి ఒక్కణ్ణీ చూడలేదు.”

కామేశ్వరరావు పదిహేడుని ట్రేలో పడేశాడు. మూడో నంబరు కవరులోకి వెళ్లింది. మూర్తికి చాలా రోజుల తర్వాత ఊపిరి హాయిగా ఆడింది.

అటెండరు ఓదెలు తలుపు తోసుకుని వచ్చాడు. “సార్, కవరు ఇస్తరా? కొరియరాయన కింద పరేషాన్ చేస్తుండు. ఇయాళ పోకుంటే ఇగ లాభం లేదన్నరు గద.”

అదీ నిజమే. సోమవారం దాటితే ఇంకో కాగితం ముట్టుకునేది లేదని క్లయింటు ముందే చెప్పేశాడు. ఓదెలు కవరు పట్టుకెళ్లాడు. కాసేపటికి రాళ్లగుట్టల మధ్య కొత్త రోడ్డు మీద కొరియరు బండి పోవడం మూర్తి కిటికీలోంచి చూశాడు. పోతే పోయిందిలే అవినాష్‌గాడి గొప్ప, అనుకున్నాడు.

మూడింటికి సంయుక్త వచ్చింది. ట్రేలో కాగితం చూసి చేతిలోకి తీసుకుంది.

“ఇది ఎవరు తీసేశారండి?”

“నేనే తీయించానమ్మా,” అన్నాడు మూర్తి తాపీగా. “అవినాష్ నీకెన్ని కథలు చెప్పాడో గానీ, రాసేముందు నిజమో కాదో నలుగురినీ అడగాల్సింది.”

“అవినాష్ గారిది మూడో నంబరండి,” అంది సంయుక్త, ఆ కాగితం ఇంకా చేతిలోనే పట్టుకుని, “దీనికోసం నేను రెండు రోజులు బాలానగర్ వెళ్లి, మీ పక్కన కూచుని పని నేర్చుకున్న ముప్ఫై నలుగురి గురించీ అక్కడివాళ్లని అడిగి మరీ రాశాను.”