మత్తు డాక్టరు కాన్పు

“ఆపరేషన్ వద్దు. మామూలు కాన్పే కావాలి,” అంది మత్తు డాక్టరు.

కాన్పుల డాక్టరు గదిలో ఆవిడతో పాటు భర్త, తల్లి ఉన్నారు. ఆ ఆసుపత్రిలో ఏ కాన్పు ఆపరేషన్ జరిగినా ముందు వెన్నులో సూదితో మత్తు ఇచ్చేది ఆవిడే. ఇప్పుడు ఆవిడ కడుపులో కవలలు.

“ఇద్దరున్నారు కదే లోపల. తేదీ చూసుకుని హాయిగా ఆపరేషన్ చేయించుకోక ఈ పంతమేమిటి?” అంది తల్లి.

భర్త కాన్పుల డాక్టరు వైపు తిరిగాడు. “మీరైనా చెప్పండి మేడమ్. మీ స్నేహితురాలేగా.”

“మొదటి బిడ్డ తల కిందికే ఉంది. కాబట్టి రెండు దారులూ ఉన్నాయి. రెండో బిడ్డ అడ్డం తిరిగితే మాత్రం అప్పటికప్పుడు ఆపరేషన్ చేయాల్సి రావచ్చు. ఏది కావాలో చెప్పాల్సింది తనే.”

“విన్నారుగా,” అంది మత్తు డాక్టరు భర్తతో. “ఒకళ్లు ఏడుపు ఆపితే ఇంకొకళ్లు అందుకుంటారు. కుట్లతో మంచం దిగడానికే నేను ఆపసోపాలు పడుతుంటే, వాళ్లనెవరు ఎత్తుకుంటారు? మీరా?”

బొమ్మనెత్తుకోవడం కూడా చేతకాని ఆ భర్త, “సరే, మామూలు కాన్పే,” అనేశాడు.

నొప్పులు మొదలైన రోజు ఆపరేషన్ గదిని కూడా సిద్ధంగా ఉంచారు. ముందు పాప పుట్టింది, ఊరంతా వినపడేలా ఏడుస్తూ. అంతలో రెండో బిడ్డ అడ్డం తిరిగింది.

“ఆపరేషన్‌కి వెళ్దామా?” అంది కాన్పుల డాక్టరు.

“గుండె చప్పుడెలా ఉంది?”

“బాగానే ఉంది.”

“అయితే నువ్వు తిప్పగలవు. తిప్పు,” అంది మత్తు డాక్టరు పళ్ల బిగువున.

స్నేహితురాలు పొట్ట మీద రెండు చేతులూ వేసి, ముచ్చెమటలు పోస్తుండగా, బిడ్డ తలను మెల్లగా కిందికి మళ్లించింది. కాసేపటికి బాబు కూడా వచ్చేశాడు.

బయట భర్త కనిపించిన వాళ్లందరినీ ఆపి, “మా ఆవిడ పులి,” అని చెప్పుకుంటున్నాడు. అమ్మమ్మ కళ్లు తుడుచుకుంటూనే నవ్వుతోంది.

“నిజంగా ఎంత గుండె నిబ్బరం నీది,” అంది కాన్పుల డాక్టరు మంచం పక్కన కూలబడుతూ. “నేనైతే ఆపరేషన్ చేసేయమని నీ కాళ్లు పట్టుకునేదాన్ని.”

చెరో పక్క పిల్లలతో పడుకున్న మత్తు డాక్టరు, తలుపు మూసి ఉందో లేదో చూసి గొంతు తగ్గించింది.

“ఎవరితోనూ అనకు. వెన్నులో సూది గుచ్చుతారంటే నాకు చచ్చేంత భయం.”