నచ్చిన డ్రైవరు

ఇంకొక్కరు ఒక్క స్టారుతో సరిపెడితే ఆ క్యాబ్ డ్రైవరు ఐడీ బ్లాకైపోతుంది. అందుకే ఊరవతల నుంచి వచ్చిన ఆ రాత్రి బుకింగును కాదనలేకపోయాడు. అక్కడ కారు ఆపితే తలుపు తీసిన చప్పుడే కాలేదు. అద్దంలో వెనక సీటు ఖాళీగా ఉంది. గొంతు మాత్రం వినిపించింది.

"పోనీ అన్నా."

గుండె చిక్కబట్టుకుని నడిపాడు. చెప్పిన చోట ఆపి, "వచ్చేశామండీ" అన్నాడు.

"నాకెన్ని స్టార్లేస్తావన్నా? మొన్నటి డ్రైవరు ఒక్కటే వేశాడు, పాపం."

ఆ 'పాపం' వినగానే అతనికి చెమటలు పట్టాయి. గబగబా ఐదూ నొక్కాడు. వెనక అలికిడి లేదు. హమ్మయ్య అనుకునేలోపే ఫోను మోగింది. అతనికీ ఐదు స్టార్లు పడ్డాయి. కింద ఒక మెసేజీ: "ఈ కస్టమరుకు మీరు నచ్చారు. ఇకనుంచి వారి రైడులన్నీ మీకే."

వెనక సీటు బెల్టు క్లిక్కుమంది.